కాపలా పాక ఉపరితల వైశాల్యం

నవంబర్ 11, సోమవారం

ఎనిమిదో తరగతి ఏ సెక్షన్‌కు పట్టకాలు మొదలుపెట్టాను. ముప్పై ఒక్కమంది. కళ్లన్నీ నల్లబల్ల మీదే ఉన్నాయి గాని వాటి వెనక ఎవరూ ఉన్నట్టు లేదు.

పట్టకాన్ని విప్పి నేల మీద పరిస్తే వచ్చే బొమ్మ వల రూపం. అందులోని ముక్కల వైశాల్యాలన్నీ కూడితే సంపూర్ణతల వైశాల్యం. ఇంతకంటే తేటగా చెప్పగల విషయం గణితంలో లేదు. సూత్రం రాశాను, చదివించాను, చెరిపి చూడకుండా రాయించాను. పదకొండుసార్లు.

పక్క గదిలో బి సెక్షన్‌కు మణిదీప్ ఇదే పాఠం స్క్రీన్ మీద చూపించాడు. పట్టకం తనంతట తానే విచ్చుకుందట, వెనక సంగీతం కూడా ఉందట. పిల్లలు చప్పట్లు కొట్టారు. సర్కస్‌కూ కొడతారు. బయటికి వచ్చి, కత్తెరలూ అట్టలూ ఇచ్చి యాక్టివిటీ చేయించండి సార్, హ్యాండ్స్-ఆన్ ఉండాలి అని నాకు ఉచిత సలహా ఇచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు, రెగ్యులర్ పోస్టు. నాకు నలభై ఎనిమిది, తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు.

అట్టలు కత్తిరించడం గణితం కాదు. అదేమిటో నాకు బాగా తెలుసు.

నవంబర్ 12, మంగళవారం

వంటమనిషి చిన్నమ్మలుకు స్టాఫ్ రూమ్‌లోని ప్రతి మాటా టీ గ్లాసులతో పాటే వెనక్కి వస్తుంది. ఇవాళ ఉప్మా వడ్డిస్తూ, మిమ్మల్ని రాత్రి బడి మాస్టారంటన్నారు బాబూ, ఏటి, పగలు సదువుకోనేదా అని అడిగింది. లేదన్నాను. మరి పగలేటి సేసేవోరు అని అడిగింది. ఉద్యోగం అన్నాను. ఏ ఉద్యోగం అనకముందే ప్లేటు పట్టుకుని లేచాను.

ఈ డైరీ ఎవరూ చదవరు కనుక రాస్తున్నాను. విజయనగరంలో అట్టపెట్టెల కార్ఖానా. పదకొండు సంవత్సరాలు. పగలు స్వీట్ల పెట్టెలు, చెప్పుల పెట్టెలు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు నైట్ కాలేజీ. ముప్పై నాలుగో ఏట డిగ్రీ, ముప్పై ఏడో ఏట బి.ఇడి. దరఖాస్తులో ‘ప్రైవేటు ఉద్యోగం’ అని రాశాను. అబద్ధం కాదు.

వేళ్లకు జిగురు కంపు కొట్టే ఆ రోజుల నుంచి సూత్రాలు పట్టుకుని పైకి వచ్చాను. ఇప్పుడు నన్ను మళ్లీ కత్తెర పట్టుకోమంటున్నాడు ఆ కుర్రాడు.

నవంబర్ 14, గురువారం

బాలల దినోత్సవం. ప్రసంగాలు నాలుగు. లెక్కల పీరియడ్లు సున్నా.

నవంబర్ 16, శనివారం

యూనిట్ టెస్టు పేపరు తయారుచేశాను. పుస్తకంలో గుడారం లెక్క ఒకటి ఉంది: టెంటు త్రిభుజాకార పట్టకంలా ఉంది, దానికి ఎంత కాన్వాసు కావాలి అని. రాసినవాడు ఏ సముద్రతీరంలో కూర్చుని రాశాడో. ఈ కొండల్లో పుట్టిన పిల్లలకు టెంటు అంటే ఏమి తెలుస్తుంది, కాన్వాసు అంటే ఏమి తెలుస్తుంది? వీళ్లకు అర్థమయ్యే స్థాయికి దించాను. ఏడో ప్రశ్న, పది మార్కులు:

‘ఒక కాపలా పాక త్రిభుజాకార పట్టకం వలె ఉన్నది. త్రిభుజం భూమి 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు, వాలు భుజాలు ఒక్కొక్కటి 5 అడుగులు. పాక పొడవు 8 అడుగులు. పాకను కప్పుటకు ఎన్ని చదరపు అడుగుల గడ్డి కప్పు అవసరమగును?’

జవాబు మార్చనవసరం లేదు. రెండు త్రిభుజాలు ఇరవై నాలుగు, రెండు వాలు పక్కలు ఎనభై, అడుగు ముఖం నలభై ఎనిమిది. మొత్తం 152.

హెడ్‌మాస్టర్ ధనరాజు గారు చదవకుండానే సంతకం పెట్టారు. ఆయన చదివి పెట్టిన సంతకం ఈ తొమ్మిదేళ్లలో నేను చూడలేదు.

నవంబర్ 20, బుధవారం

దిద్దాను.

152 రాసినవారు ఐదుగురు. ముందు బెంచీవారు, సూత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవారు. 104 రాసినవారు పందొమ్మిది మంది. 92 రాసినవారు ఏడుగురు.

పందొమ్మిది మందికి ఒకే తప్పు జవాబు రావడమంటే కాపీ. అందులో సందేహం లేదు. అడుగు ముఖాన్ని అందరూ కలిసికట్టుగా మింగేశారు. ఇక ఆ ఏడుగురు మరీ ఘనులు, ముందు త్రిభుజాన్ని కూడా ఎగరగొట్టారు. ఇరవై ఆరు సున్నాలు పెట్టాను. ఎర్ర పెన్ను రీఫిల్ అయిపోయింది.

సూత్రం యాభైసార్లు రాయించాను. రాశారు. ఒక్కరూ ఎందుకని అడగలేదు. అడగడం రానివాళ్లకు గణితం ఎలా వస్తుంది?

నవంబర్ 21, గురువారం

పాతిక మార్కులకు పదమూడు రానివారు సి బ్యాచ్. ఏడో ప్రశ్నలో సున్నా తెచ్చుకున్నవారిలో ఒక్కరూ పదమూడు అందుకోలేదు. సాయంత్రం ఏ, బి బ్యాచ్‌లకు గురుకులం ప్రవేశ పరీక్ష కోచింగ్. సి బ్యాచ్‌కు వంటశాల. మా గుంటలు ఇరవయ్యారు మందొచ్చీసారు, ఉల్లిపాయలు బేగి తెగిపోతన్నాయి బాబూ, మీ పేపరు సల్లగుండ అని చిన్నమ్మలు నాకు కృతజ్ఞత చెప్పింది.

క్లాసు సగటు చూసి కొంత కలవరపడ్డాను. కాంట్రాక్టు రెన్యువల్ కమిటీ డిసెంబరు తొమ్మిదిన వస్తోంది. ధనరాజు గారు నవ్వారు. సర్వేశ్వరరావు గారూ, మీరెందుకండీ కంగారు పడతారు, ఫారంలో కారణం అచ్చు వేసే ఉంటుంది, టిక్కు పెట్టడమే అన్నారు. చూపించారు కూడా. ‘విద్యార్థుల స్థాయి తక్కువ’ అని నిజంగానే అచ్చులో ఉంది.

టిక్కు పెట్టాను.

నవంబర్ 24, ఆదివారం

వలిసె పూల సీజన్. కొండవాలు నిండా పసుపు, పసుపు నిండా సెల్ఫీలు. కిరండూల్ రైలు దిగిన జనం పంట తొక్కి ఫోటోలు తీసుకుంటారు. రైతుకు మనిషికి ఇరవై ఇచ్చి తొక్కుడుకు హక్కు కొనుక్కుంటారు. మణిదీప్ కూడా ఒక పొలంలో చేతులు చాచి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కూడా చేతులు దించలేదు.

నేను సబ్బు కొనడానికి బజారుకు వెళ్తూ క్యాంపింగ్ సైట్ పక్కనుంచి నడిచాను. టూరిస్టులు ఖాళీ చేసి వెళ్లారు. మంగ్లు టెంట్లు విప్పుతున్నాడు. ఇతను మా ఎనిమిదో తరగతి కిల్లో పావని తండ్రి. సీజన్‌లో అక్కడ పని, మిగతా రోజుల్లో రాగి చేను. ఆదివారం కనుక పావని కూడా వచ్చి సాయం చేస్తోంది.

గడ్డి మీద ఒక టెంటును పూర్తిగా విప్పి పరిచారు. రెండు వాలు పక్కలు, రెండు చివర్ల త్రిభుజాలు, మధ్యలో అడుగు. అడుగు కూడా గుడ్డే, పక్కలతో కలిపి కుట్టి ఉంది. వల రూపం. పుస్తకంలోని బొమ్మ, ఎనిమిది అడుగుల పొడవున, మంచుకు తడిసి, నా కాళ్ల ముందు.

ఆ పిల్ల దాన్ని మడిచిన తీరు చూశాను. ముందు అంచులు కలిపి, అరచేతితో గీత నొక్కి, ఆ గీత మీదే మడిచింది. కార్ఖానాలో మేము దీన్ని క్రీజు అనేవాళ్లం. క్రీజు పడకుండా మడిచినవాడికి మేస్త్రీ చేతిలో దెబ్బలే. ఈ పిల్లకు ఎవరు నేర్పారు? నేను మాత్రం కాదు.

పలకరించాను. టెంటుకు గుడ్డ ఎంత పడుతుందో చెప్పగలవా అని, ఆమె చెప్పలేకపోతుందని నిరూపించడానికే అడిగాను. అన్నీ కలపాల సార్, కిందది కూడా అంది, తల ఎత్తకుండానే.

మరి పరీక్షలో కిందది ఎందుకు కలపలేదు అన్నాను.

అది టెంటు కాదు కదా సార్, పాక కదా, నేలకి ఎవులైనా గడ్డి కప్పుతారా అంది. మంగ్లు గట్టిగా నవ్వి, నవ్వింది మాస్టారి ముందని గుర్తొచ్చి, దాన్ని దగ్గులోకి మార్చాడు.

సబ్బు కొనకుండా వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం 7

పేపర్లు మళ్లీ తీశాను. ‘గడ్డి కప్పు’ అని నా చేతి రాతే. టెంటు అనే మాట ఉంచి ఉంటే ముప్పై ఒక్కమందీ 152 రాసేవారు. ప్రతి ఆదివారం వాటిని విప్పి మడిచేది వీళ్ల ఇళ్లవాళ్లే. వీళ్లకు తెలియదని నేను తీసేసిన మాటే వీళ్లకు తెలుసు. వీళ్లకు తెలుసునని పెట్టిన పాకే నాకు తెలియదు. తొమ్మిదేళ్లుగా ఈ చేల మధ్య నడుస్తున్నాను. ఒక్క కాపలా పాకలోకీ వంగి చూడలేదు.

104 సరైన జవాబు. 152 రాసిన ఐదుగురు మాత్రమే ఆలోచించలేదు. వాళ్లకు నేను ‘వెరీ గుడ్’ అని రాశాను.

పావని పేపరు చివర చూశాను. 92. నాకు పాఠం చెప్పిన పిల్ల జవాబు కూడా తప్పే. కొంచెం ఊపిరి ఆడింది. ఈ మాట రాయడం సిగ్గుగా ఉంది. అయినా జరిగింది ఇదే.

నవంబర్ 25, సోమవారం

క్లాసులో చెప్పాను. కప్పుకు నేల అక్కరలేదు, కానీ ముందు త్రిభుజం కావాలి, దాన్ని వదిలేసిన ఏడుగురిది బద్ధకం అన్నాను. పావని లేచి నిలబడి, సార్, ముందు మరి, అని ఏదో మొదలుపెట్టింది. ఒక్కసారి సరిగ్గా మాట్లాడినంత మాత్రాన ప్రతిసారీ మాట్లాడనవసరం లేదు, కూర్చో అన్నాను.

కూర్చుంది.

నవంబర్ 27, బుధవారం

మార్కులు యాప్‌లోకి వెళ్లిపోయాయి. దిద్దాలంటే పేపరు తయారుచేసిన వ్యక్తి తన తప్పును లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ ఉత్తరం నా ఫైల్లో ఉంటుంది. ఫైలు కమిటీ ముందు ఉంటుంది.

ధనరాజు గారు తలుపు వేసి మరీ నచ్చజెప్పారు. పిల్లలు ఫెయిలైతే ఎవరి ఉద్యోగమూ పోదండీ, మాస్టారు ఫెయిలైతే పోతుంది, ఆ మాత్రం లెక్క మీకు నేను చెప్పాలా అన్నారు. ఆయన జీవితంలో చెప్పిన ఒకే ఒక్క సరైన లెక్క అది.

మణిదీప్ పరిష్కారం ఇంకా సులువు. అందరికీ గ్రేస్ మార్కులు కలిపేయండి సార్, కారణం ఎవరూ అడగరు, పిల్లలూ హ్యాపీ అన్నాడు. సరిగా చేసినవారికి దానం చేయమంటున్నాడు. నాకు కోపం వచ్చింది. వాడు చెడ్డవాడు కాదు. దేన్నీ కొలవడు, అంతే.

నలభై ఎనిమిదేళ్లు. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఎవరు తీసుకుంటారు? కార్ఖానా కూడా తీసుకోదు. ఇప్పుడు అక్కడ మెషిన్లు మడుస్తున్నాయి.

నవంబర్ 29, శుక్రవారం

ఉత్తరం నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ ‘ముద్రణా దోషం’ అని రాశాను. నాలుగూ చింపాను.

డిసెంబర్ 2, సోమవారం

ఐదో ఉత్తరం ఇచ్చాను. ‘ఏడో ప్రశ్నను నేను పుస్తకం నుంచి మార్చి రాశాను. పాకకు అడుగున కప్పు ఉండదన్న సంగతి నాకు తట్టలేదు. 104 రాసిన పందొమ్మిది మంది జవాబు సరైనది. వారికి పూర్తి మార్కులు ఇవ్వవలసినదిగా ప్రార్థన. ఫారంలో విద్యార్థుల స్థాయి గురించి నేను పెట్టిన టిక్కును రద్దు చేయవలసినదిగా కూడా ప్రార్థన.’

ధనరాజు గారు ఈసారి చదివారు. రెండుసార్లు చదివారు. ఇంత నీతి మనకెందుకండీ అన్నారు.

పందొమ్మిది మంది కోచింగ్‌కు వెళ్లారు. సి బ్యాచ్‌లో ఏడుగురు మిగిలారు. చిన్నమ్మలుకు కోపం వచ్చింది. ఏడుగురు గుంటలతో ముప్పై కిలోల ఉల్లిపాయలెలా సేసీది, మీరు రాసిన ఉత్తరం మీరే తరగండి అంది. పావని కత్తిపీట ముందు కూర్చుంది. ఉల్లిపాయ తరిగే పిల్ల ఏడుస్తోందో లేదో ఎవరికీ తెలియదు.

92 మాత్రం తప్పు తప్పే. జాలికి మార్కులు ఇవ్వను.

డిసెంబర్ 4, బుధవారం

ఎలాగూ పోయేదే అనిపించిన రోజున మనిషికి ధైర్యం వస్తుంది. కొట్టు నుంచి ఖాళీ అట్టపెట్టెలు పన్నెండు తెప్పించాను. స్కేలు అంచుతో గీత నొక్కడం చూపించాను. గీత నొక్కకపోతే అట్ట తన ఇష్టం వచ్చిన చోట విరుగుతుందని చెప్పాను. పుస్తకంలోని వల రూపానికి అంటించే రెక్కలు ఉండవు. నిజం పెట్టెకు రెక్కలు లేకపోతే నిలబడదు. ఆ రెక్కలు అట్టలో లెక్కకు వస్తాయి, ఉపరితలంలో రావు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. పదకొండేళ్ల జిగురులో ఉంది.

నా చేతుల వేగం చూసి పిల్లలు నోళ్లు తెరిచారు. ఏటి సార్, మీరు పెట్టెలు సేసేవోరా అని వెనక నుంచి ఎవరో అడిగారు. పదకొండేళ్లు చేశాను అన్నాను. నవ్వుతారనుకున్నాను. మాకూ ఒకటి సేసీండి సార్ అన్నారు. ముప్పై ఒకటి చేశాను. పావనికి కూడా.

తలుపు దగ్గర మణిదీప్ నిలబడి ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. సూపర్ యాక్టివిటీ సార్ అన్నాడు. ఆ మాట విన్నాక కూడా నాకు వాడిని క్షమించాలని లేదు.

డిసెంబర్ 9, సోమవారం

కమిటీ ముగ్గురు. నా డెమో పాఠానికి ఇరవై నిమిషాలు. సి బ్యాచ్ పిల్లలను కూర్చోబెట్టవద్దని ధనరాజు గారు ముందే వంటశాలకు పంపేశారు. నేను అభ్యంతరం చెప్పలేదు. ఇరవై నలుగురు నీటుగా ఉన్నారు.

బల్ల మీద రెండు ప్రశ్నలు రాశాను. టెంటుకు గుడ్డ ఎంత? పాకకు గడ్డి ఎంత? కొలతలు ఒకటే. పిల్లలు 152, 104 అని రాశారు. ఎందుకో కూడా చెప్పారు. ఒక గుంటడు లేచి, టెంట్లో పడుకుంటే గుడ్డ మీద పడుకుంటాం, పాకలో పడుకుంటే కొండ మీద పడుకుంటాం అన్నాడు. కమిటీ మేడమ్ నవ్వారు. మిగతా ఇద్దరూ ఆవిడ నవ్వాక నవ్వారు.

తరువాత ఆవిడ ఫైలు తెరిచారు. ఈ ఉత్తరం మీదేనా అన్నారు. నాదే అన్నాను. ప్రశ్నపత్రంలో తప్పు వచ్చిందా అన్నారు. ప్రశ్న బాగానే ఉందండీ, నా జవాబే తప్పు అన్నాను. బల్ల కింద ధనరాజు గారు నా కాలు తొక్కారు. ఒప్పుకోవడం మంచి గుణం అని మేడమ్ మెచ్చుకుని, ఏదో రాసుకున్నారు.

రాసుకున్నది మెచ్చుకోలు కాదు. తలకిందుల రాత చదవడం కార్ఖానాలో నేర్చుకున్నాను. లేబుళ్లన్నీ మాకు అటువైపు నుంచే వచ్చేవి.

డిసెంబర్ 16, సోమవారం

జాబితా వచ్చింది. నా పేరు లేదు. కారణం గడిలో: ‘ప్రశ్నపత్ర రూపకల్పనలో లోపం. స్వయంగా అంగీకరించారు.’

ఆ గడిలోని కారణం అచ్చు వేసింది కాదు, చేత్తో రాశారు. తొమ్మిదేళ్లలో నా గురించి ఒకరు పూనుకుని రాసిన మొదటి వాక్యం.

మణిదీప్ వచ్చి, సారీ సార్, గ్రేస్ మార్కులైతే ఈ గొడవ ఉండేది కాదు అన్నాడు. నిజమే.

డిసెంబర్ 18, బుధవారం

ట్రంకు పెట్టె, రెండు అట్టపెట్టెలు. బస్సు రెండు గంటలు లేటు, జల్లు. తడుస్తన్నారు మాస్టారూ, రండి అని మంగ్లు చేనిలోని కాపలా పాకకు తీసుకెళ్లాడు. వంగి లోపలికి వెళ్లాను, తలుపు తియ్యనవసరం లేకపోయింది. ముందు ఏమీ లేదు. పూర్తిగా తెరిచి ఉంది. ఎందుకు మూయలేదు అన్నాను. మూసేత్తే పందులొచ్చినపుడు ఎలా సూత్తాం మాస్టారూ అని నవ్వాడు. ఈసారి దగ్గలేదు.

టేపు తీసి కొలిచాను, దాదాపు నా ప్రశ్నలోని కొలతలే. వెనక త్రిభుజం పన్నెండు. వాలు పక్కలు ఎనభై. మొత్తం 92.

పావనికి పన్నెండు కాదు, పాతికకు ఇరవై రెండు. మిగతా ఆరుగురి పేర్లూ గుర్తున్నాయి. తెల్ల కాగితాలు ట్రంకు అడుగున ఉన్నాయి. ఇంకో ఉత్తరానికి ఈ డైరీలోంచే పేజీ చింపుతున్నాను.